గడువేమీ లేదన్నాను

“ఎన్ని దినాల దాక టైముంటది అల్లుడా?”

ఆమె ఈ మాట అడిగింది సిద్దిపేట దవాఖాన వరండాలో, సిమెంటు బెంచీ మీద కూర్చుని. ఒళ్లో ఎక్స్‌రే కవరు ఉంది. లోపల ఆమె భర్త కుడి మోకాలికి ఆపరేషనై అప్పటికి మూడు రోజులు. తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. మా ఊరు నారాయణరావుపేట దగ్గర ఒక చిన్న పల్లె. కులం వేరు, చుట్టరికం లేదు, వయసులో ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లే, కానీ ఊరి వరసకు ఆయన నాకు మామ, ఆమె అత్త. నేను సిద్దిపేటలో వకీలును. ముప్పై ఏళ్లుగా నల్లకోటు తొడుగుతున్నాను. అందుకని ఆలోచించే పనే పెట్టుకోలేదు, వెంటనే జవాబు చెప్పేశాను.

“యాక్సిడెంట్ కేసుకు గడువు గిడువు ఏం లేదు అత్తా. ఎప్పుడేసినా నడుస్తది. ముందుగాల మామను లేసి తిరుగనియ్యి.”

ఆమె తల ఊపి ఎక్స్‌రే కవరును ఇంకో చేతిలోకి మార్చుకుంది. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది. నేను క్యాంటీన్‌లో చాయ్ తాగి కోర్టుకు పోయాను.

నేను చెప్పింది తప్పు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు నష్టపరిహారం పిటిషన్ వేయాలని చట్టం మార్చారు. ఆ మార్పు అమల్లోకి వచ్చిన తర్వాతే ఈ ప్రమాదం జరిగింది. వకీలువై ఉండి ఆ మాత్రం తెలియదా అని మీరు అడగొచ్చు, అడగండి. నాకు తెలియదు. నాది భూముల పని: హద్దుల తగాదా, అన్నదమ్ముల పంపకం, పట్టా పాసుబుక్కులో పేరు తప్పు. యాక్సిడెంట్ కేసులు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. నేను కోటు తొడిగిన కొత్తలోనే, అంతకుముందున్న గడువును ఎత్తేశారని మా సీనియర్ చెప్పాడు. ఆ ఒక్క ముక్క బుర్రలో మేకులా దిగబడిపోయింది. మళ్లీ గడువు పెట్టారన్న సంగతి నా చెవిన పడలేదు. పడేటట్టు నేను చూసుకోలేదు, అది సరైన మాట. పుస్తకం తిరగేస్తే పది నిమిషాల పని.

ఇంతే అయితే దీన్ని తెలివితక్కువతనం అని సరిపెట్టుకునేవాణ్ని. అంతే కాదు గనకనే ఇది రాస్తున్నాను.

మామను గుద్దింది మా చిన్నాయిన ట్రాక్టరు. నడిపింది చిన్నాయిన కొడుకు, అంటే నా తమ్ముడు. ఉగాది దాటి పది రోజులు అయి ఉంటుంది. పొద్దున్నే మామ మోపెడ్ మీద కల్లు లొట్టిలు కట్టుకుని తాళ్ల దిక్కు పోతున్నాడు. మావాడు పొలం బాట నుంచి ఇటూ అటూ చూడకుండా రోడ్డెక్కాడు. ట్రెయిలర్ మూల తగిలి మామ కింద పడ్డాడు, మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. తమ్ముడే ఆయన్ని ఎత్తుకుని ఆటోలో దవాఖానకు తెచ్చాడు, అది దాచను. దవాఖానవాళ్లు పోలీసులకు చెప్పారు, కేసు నమోదైంది. అంటే పిటిషన్‌కు కావలసిన కాగితాలన్నీ మొదటి వారంలోనే ఉన్నాయి.

తాళ్లెక్కేవాడికి మోకాలంటే ఏమిటో మా ఊళ్లో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. నడుముకు మోకు బిగించుకుని, కాళ్లు రెండూ ముడిచి, చెట్టును పట్టుకుని ఒక్కో అడుగూ పైకి జరగాలి. మోకాలు వంగకపోతే చెట్టు లేదు, చెట్టు లేకపోతే పొయ్యి వెలగదు. మామకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు, ఇంకో పదేళ్లయినా ఎక్కగలిగే ఒళ్లు. వాళ్లకు భూమి లేదు. ఆ పదేళ్లకు బదులుగా వాళ్లకు ఏదైనా దక్కాలంటే దారి ఒక్కటే, ఆ పిటిషన్.

మామ ఇల్లు చేరిన వారానికి చిన్నాయిన నన్ను ఊరికి పిలిపించాడు. ఇంటి వెనక, బర్రెల కొట్టం పక్కన నులక మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి, ఆ రోజు చిన్నగా మాట్లాడాడు.

“పోరని లైసెన్సు టైమైపోయిందిర బిడ్డా. రెండేండ్లాయె. ఇన్సూరెన్సోళ్లు కట్టినా గా పైసలు మల్ల నా మీదికే వస్తయంటున్నరు. నిజమేనా?”

“రావచ్చు చిన్నాయిన,” అన్నాను.

“అయితే జర ఆపు. నీ దగ్గరికే వస్తరు వాళ్లు, ఇంకెవలను ఎరుగరు. పెద్దమనుషులల్ల కూసుందాం. నాలుగు నెలలు పోతే వాళ్లే చల్లబడుతరు.”

 “సరే తీ” అన్నాను.

ఈ ‘సరే తీ’ని అప్పుడు నేను ఎలా నమిలి మింగానో చెప్తాను. గడువు లేదు కదా, నాలుగు నెలలు ఆగితే ఎవరికీ నష్టం లేదు. ఈ లోపు పెద్దమనుషులు ఏదో ఒకటి తెగ్గొడతారు. తెగకపోతే పిటిషన్ ఉండనే ఉంది. నేను ఎవరికీ అన్యాయం చేయలేదు, ఇద్దరికీ మంచే చేస్తున్నాను. ఇట్లా అనుకుని బైక్ ఎక్కి వచ్చేశాను. ఒకవైపు మామకు వకీలును, ఇంకోవైపు చిన్నాయినకు కొడుకులాంటివాణ్ని. ఆ రెండూ ఒకే నోటితో నడపొద్దని కాలేజీలో మొదటి ఏడాది చెప్పే పాఠం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా దిక్కు పెద్దమనుషుల పంచాయితీకి ఒక కట్టుబాటు ఉంది. కూర్చునే ముందు రెండు పక్షాలూ పెద్దమనిషి చేతిలో ఏదో ఒకటి జమానతు పెట్టాలి. పంచాయితీ నడుస్తుండగా ఎవరు కోర్టు మెట్లెక్కినా వాళ్ల జమానతు పోతుంది. చిన్నాయిన నగదు పెట్టాడు. అత్త తన వెండి కడియాలు తీసి పెట్టింది. పాలకేంద్రం ముందు కుర్చీలు వేసి జరిగిన ఆ కూర్చోవడంలో నేనూ ఉన్నాను. కడియాలు తీసేటప్పుడు కాలి మడమ దగ్గర ఇరుక్కుంటే ఆమె సబ్బునీళ్లు అడిగింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను.

“వకీలు సాబ్ కూడ ఉన్నడు గదా, ఇంకేంది,” అన్నాడు పెద్దమనిషి.

ఆ రోజు తెగలేదు. యాసంగి వరి కోతలు మొదలయ్యాయి, అవి అయ్యాక చూద్దామన్నారు. తర్వాత పెద్దమనిషి ఇంట్లో పెళ్లి పడింది. వానలు పడ్డాక నాట్లు, ఎవరికి తీరిక? బోనాల తర్వాత ఒకసారి కూర్చున్నారు గానీ మా చిన్నాయిన రాలేదు, జ్వరమని కబురు పంపాడు. ఆ మీదట పెద్దమనుషుల్లో ఒకాయన తల్లి పోయింది. మైల తీరాలన్నారు, తీరాక బతుకమ్మ వచ్చింది, దసరా వచ్చింది. అందరికీ ఇది మామూలే, పంచాయితీ అంటే ఏడాది పట్టడం మాకు వింత కాదు. చిన్నప్పుడు మా బాపు ఒక గట్టు తగాదాకు మూడేళ్లు కూర్చున్నాడు. పెద్దమనుషుల దగ్గర ఉన్న తగాదాకు కాలం ఆగి ఉంటుందని మా ఊరి నమ్మకం. చట్టం చదివిన నేను కూడా ఆ నమ్మకంలోనే ఉన్నాను.

ఈ నెలలన్నింటిలో అత్త నెలకోసారి సిద్దిపేట వచ్చేది. మా ఆఫీసు మేడ మీద. ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడేది, కూర్చోమన్నా కూర్చునేది కాదు. ప్రతిసారీ ఒకే ప్రశ్న.

“టైమైతే ఉన్నది గదా అల్లుడా?”

“ఉన్నదత్తా. ఎన్నిసార్లు చెప్పాలె?”

పంచాయితీ ఎందుకు సాగుతుందో అడిగేది కాదు. ఊరంతా పటేలు అని పిలిచే మా చిన్నాయిన ఏమన్నాడో అడిగేది కాదు. టైము ఒక్కటే. నాకు కొంచెం విసుగు కూడా వచ్చేది, నిజం చెప్పాలంటే. చదువు లేని మనిషి, ఒక్క మాట పట్టుకుంటే వదలదు అనుకునేవాణ్ని. ఒకసారి క్లయింట్ల ముందు, “మా అత్తకు నా మీద నమ్మకం లేదు” అని వేళాకోళం కూడా చేశాను. ఆమె బస్సు టైమైందని వెళ్లిపోయింది.

మామ కర్ర పట్టుకుని నడిచాడు, తర్వాత కర్ర లేకుండా కుంటుతూ నడిచాడు. మోకాలు సగం కూడా వంగలేదు. గీతగాళ్ల సంఘం వాళ్లు కొన్నాళ్లు చూసి ఆయన వంతు చెట్లను ఇంకొకరికి ఇచ్చారు, చెట్టు గీయకుండా ఉంచితే పాడవుతుంది మరి. తర్వాతి ఆదివారం నేను ఊరికి పోతే మామ నాకోసం ఒక లొట్టి తెప్పించి పెట్టాడు. తను గీసింది కాదు, కొన్నది. “నా చేతి కల్లు గాదు, ఏమనుకోకు,” అన్నాడు. నేను తాగాను. బాగుందని కూడా అన్నాను.

దీపావళి పోయాక మామ పెద్దమనిషి ఇంటికి పోయి, కడియాలు పోతే పోనీ, ఇక కోర్టుకు పోతానని చెప్పి నా దగ్గరికి వచ్చాడు. “ఇగ వేసెయ్ అల్లుడా.” నేను ఉత్సాహంగానే కాగితాలు తీశాను. చిన్నాయినకు ఇచ్చిన మాట ప్రకారం నాలుగు నెలలు కాదు, అంతకంటే ఎక్కువే ఆపాను, ఇక నా మెడ మీద బరువు లేదు. రెండు రోజులు కూర్చుని పిటిషన్ టైపు చేయించాను.

నా పక్క టేబుల్ దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. కోర్టులో చేరి నాలుగేళ్లు, యాక్సిడెంట్ కేసులు ఎక్కువగా ఆమె దగ్గరికే వచ్చేవి. కాపీలు సరిచూసిపెట్టమని ఆమెకు ఇచ్చాను. మొదటి పేజీలోనే ఆగిపోయింది. ప్రమాదం తేదీ మీద వేలు పెట్టి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

“సార్, ఇది ఆరు నెలలు దాటింది కదా.”

“అయితే ఏంది?”

ఆమె నా మొహం చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుందేమో, కొద్దిగా నవ్వబోయి ఆపుకుంది. తర్వాత తన పుస్తకం తీసి, పేజీ తెరిచి, నా ముందు పెట్టింది. చదివాను. మూడు లైన్లు. మళ్లీ చదివాను. తల కొట్టేసినట్టయింది.  గడువు దాటింది పద్దెనిమిది రోజుల కింద. అంటే దసరా పోయిన వారానికి, నేను ఊళ్లో జమ్మి ఆకు పంచి వచ్చిన రోజుల్లో, అది నిశ్శబ్దంగా దాటిపోయింది.

అయినా వేశాం. ఏవేవో కారణాలు రాసి వేశాం. కోర్టు గడువు దాటిందని తిరస్కరించింది. ఉన్న చట్టం ప్రకారం చేసింది, దాని తప్పు లేదు.

ఆ సాయంత్రం ఊరికి పోయాను. దారంతా నిజం చెప్పాలనే అనుకున్నాను. మామ వాకిట్లో కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. అత్త చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఇది:

“కొత్త చట్టం తెచ్చిన్రు మామా. ఆరు నెలల్ల వెయ్యాలెనంట. ఏం జేస్తం, మన టైము బాగలేదు.”

ప్రమాదం తర్వాత తెచ్చారన్నట్టు చెప్పాను. ఢిల్లీలో ఎవరో వచ్చి మా ముగ్గురికీ కలిపి అన్యాయం చేసినట్టు చెప్పాను. నాకు అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

“నువ్వేం జేస్తవ్ అల్లుడా,” అన్నాడు మామ. “నీ తప్పేమున్నది ఇందుల.”

అత్త చేట ఆపింది, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. చాయ్ పెడతానంటే వద్దని వచ్చేశాను.

పిటిషన్ పోయిందని తెలిశాక మా చిన్నాయిన పంచాయితీకి రావడమే మానేశాడు. దవాఖాన ఖర్చు తనే పెట్టాడట, ఇంకేం కావాలట. పెద్దమనిషి మాత్రం మంచివాడు, కడియాలు తిరిగిచ్చాడు. మామ ములుగు దిక్కు ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టే పనికి కుదిరాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. నేను ఊరికి పోవడం తగ్గించాను. పోయినా వాళ్ల వాడకట్టు మీదుగా పోకుండా చెరువు కట్ట చుట్టూ తిరిగి పోయేవాణ్ని. యాభై ఆరేళ్లవాణ్ని, బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా దొంగదారిన. మా ఇంట్లో దీని గురించి ఒక్కమాట చెప్పలేదు. పక్క టేబుల్ అమ్మాయి ఒక్కతికే తెలుసు. ఆమె దీన్ని ఎప్పుడూ ఎత్తలేదు, అది ఇంకా కష్టంగా ఉండేది.

చివరికి ఎత్తింది. ఆ నిబంధన న్యాయమైనదా కాదా అని పెద్ద కోర్టులో వాదన నడుస్తోందని, అది తేలేదాకా గడువు దాటిందన్న ఒక్క కారణంతో ఇట్లాంటి పిటిషన్లు కొట్టేయొద్దని చెప్పారని పేపర్ తెచ్చి చూపించింది.

“మీ మామది అప్పీలు వేయొచ్చు సార్. నేను వేస్తా. కాకపోతే పిటిషన్ ఆలస్యమైంది, అప్పీలుకు కూడా ఆలస్యమైంది కదా, మొదటి నుంచి ఎందుకు ఆలస్యమైందో అఫిడవిట్ పెట్టాలి. ఆయన పేరు మీద, ఉన్నదున్నట్టు.”

ఉన్నదున్నట్టు. ఆ రాత్రి కాదు, మరునాడు కాదు, పన్నెండు రోజులు పట్టింది నాకు ఆ ఒక్క పేజీ రాయడానికి. ఇంగ్లీషులో పెట్టే ముందు వాళ్లకు చదివి వినిపించాలి గనక తెలుగులో రాశాను. రాశాక గుండె తేలికైంది. నాకు నేనే ధైర్యవంతుడిలా కనిపించాను.

ఒక ఆదివారం పొద్దున, మామ ఇంట్లో ఉంటాడని తెలుసుకుని పోయాను. వాకిట్లో కుర్చీ వేశారు. ముందు నోటితో చెప్పాను. చట్టం ప్రమాదం కంటే ముందే మారిందని, నేను చూసుకోలేదని, ఆ రోజు అబద్ధం చెప్పానని. తల ఎత్తలేదు. తర్వాత కాగితం తీసి చదివాను.

“ప్రమాదం జరిగాక గడువు గురించి నా వకీలును అడిగాను. గడువేమీ లేదని ఆయన చెప్పారు. ఆయన మాట నమ్మి ఆగాను. తనకు చట్టం తెలియక అట్లా చెప్పానని ఆయన తర్వాత ఒప్పుకున్నారు.”

మామ చాలాసేపు మోకాలు నిమురుకుంటూ కూర్చున్నాడు.

“గిది వద్దు అల్లుడా. కోర్టుల నీ పేరు పోతది. నాకు పానం బాగ లేకుండెనని రాయి, సరిపోతది.”

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాట విన్న క్షణం నా ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట కోసమే వచ్చానేమో కూడా. కాగితం మడవబోయాను.

“ఉండనియ్యి,” అంది అత్త. గడపలో కూర్చుని ఉంది. “గంతేనా రాసినవ్?”

“ఇంకేంది అత్తా?”

“తెల్వక చెప్పిన అని రాసినవ్. పటేలు ఆపుమంటే ఆపినవ్ గదా. గది ఏది?”

అప్పుడు తల ఎత్తాను. “నీకెవలు చెప్పిన్రు?”

“ఎవలు చెప్పాలె? ఆయన మంచంల ఉండె, ఇంట్ల గింజ లేకుండె. గా పొద్దు మీ చిన్నాయిన కొట్టంల పెండ తీస్తుంటి. నాలుగు నెలలు ఆపుమన్నడు. నువ్వు సరే తీ అన్నవ్.”

మామ ఆమె వైపు తిరిగాడు. ఆయనకూ ఆ సంగతి తెలియదని ఆ మొహం చూస్తే అర్థమైంది.

“మరి నన్ను అడుగకపోతివి,” అన్నాను. 

“ఏమని అడుగాలె? నువ్వు గాకపోతే మాకు ఇంకో వకీలు యాడున్నడు? మీ వాళ్ల కొట్టం గాకపోతే పనేడున్నది? సరే, నీ సొంతోళ్లు, ఆపుకుంటే ఆపుకో అనుకున్న. టైము లోపట వేస్తే చాలు అనుకున్న. గందుకే నెలనెల బస్సెక్కి వచ్చి గదొక్కటే అడిగిన.”

ఆమె గొంతు పెంచలేదు. కోపంగా చూసినా బాగుండేది. నేను గుమ్మం దగ్గర నిలబెట్టి వేళాకోళం చేసిన మనిషి, నేను చేస్తున్న మోసం మొత్తం తెలిసి, దాన్ని సహించి, అందులో తనకు మిగిలిన ఒకే ఒక్క ముక్కను పట్టుకుని నెలనెలా నా దగ్గరికి వచ్చింది. ఆ ఒక్కటైనా నేను సరిగ్గా చెప్పలేదు.

“రాయి,” అంది.

కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. నా వకీలు ట్రాక్టరు యజమానికి సొంత అన్న కొడుకు అని రాశాను. యజమాని అడిగినందువల్ల పిటిషన్ వేయకుండా నాలుగు నెలలు ఆపడానికి ఒప్పుకున్నాడని, ఆ సంగతి నాకు చెప్పలేదని రాశాను. ‘నా వకీలు’ అని రాసిన ప్రతిచోటా పెన్ను ఆగింది.

అయ్యాక మొత్తం మొదటి నుంచి చదవమంది. చదివాను. నా వకీలు, నా వకీలు అంటున్నవ్, పేరు లేదా ఆయనకు, అని అడిగింది. మామ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. నేను పేరు రాశాను. అది కూడా గట్టిగా చదవమంది.

చదివాను.